కదల్లేని మహామాంత్రికుడు

సంతకొచ్చిన మామూలు మనిషి ప్రాణం విలువ 4 పాయింట్లు. ఐదో లెవెల్ మాంత్రికుడు విసిరే ఫైర్‌బాల్ దెబ్బను ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి లెక్కగడతారు. సగటున 28. పక్కకు దూకితే సగమే తగులుతుంది, నిజమే. కానీ అన్ని పాచికల మీదా ఒకట్లే పడ్డా ఆ సగం 4! ఎటు చూసినా చావే. 2014లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాచికల కథల ఆట ఐదో ఎడిషన్ లెక్క ఇది. అందులో లెవెళ్లు 20. ఐదంటే పావు దారి.

చిక్కంతా కథ నడిపే డంజన్ మాస్టర్‌కే. ఇలాంటివాళ్లు ఊరికొకరుంటే రాజుకు సైన్యమెందుకు? ఒక్కడే ఉంటే వాడే రాజెందుకు కాలేదు?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు వీరుల బలానికి కొలత సూటిగా ఉండేది. దాని మాతృక అయిన ‘చెయిన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడలో హీరో నలుగురు సైనికుల పెట్టు, సూపర్‌హీరో ఎనిమిదిమంది పెట్టు. కొత్త ఆటలో నాలుగో లెవెల్, ఎనిమిదో లెవెల్ యోధులకు ఆ బిరుదులే దక్కాయి. (మనకిది కొత్తేం కాదు. రథులు, అతిరథులంటూ లెక్కగట్టి భీష్ముడు కర్ణుణ్ని అర్ధరథుణ్ని చేయలేదూ!)

2000 నాటి మూడో ఎడిషన్‌కు వచ్చేసరికి అంకెలు ఆకాశానికెక్కాయి. పెద్ద లెవెల్ యోధుడి కవచాన్ని తాకాలంటే గోబ్లిన్ లాంటి చిన్న శత్రువుకు ఇరవై ముఖాల పాచిక మీద 20 పడాల్సిందే. వందమంది గోబ్లిన్లు చుట్టుముట్టినా అతనికి పెద్దగా భయం లేదు. ఐదో ఎడిషన్ ఈ అంకెలకు పగ్గం వేసింది. ఇప్పుడు మంత్రబలం లేని ఉక్కు కవచం తొడిగినవాడు ఎంత లెవెల్‌వాడైనా, గోబ్లిన్‌కు 14 పడితే చాలు. గుంపుకు మళ్లీ విలువొచ్చింది.

అయినా పాచికల లెక్క సరిచేసినంత మాత్రాన కథ జరిగే లోకం చక్కబడదు. ఈ ఆట లోకాల్లో ఒకటైన ‘ఫర్గాటెన్ రెల్మ్స్’లో మహామాంత్రికుడు ఎల్మిన్‌స్టర్ లాంటి ఘనులుండగా మన పాత్రలు పాకులాడ్డం దేనికని ఆటగాళ్లకు అనుమానం వస్తుంది. నా మటుకు నాకు నచ్చింది కీత్ బేకర్ సృష్టించిన ‘ఎబెరాన్’ అనే మరో లోకం, 2004 నాటిది. అక్కడ చిన్న మంత్రాలు వీధి దీపాల్లా ఊరంతా ఉంటాయి, మహాశక్తిమంతులు మాత్రం అరుదు. ఉన్నవాళ్లకూ ఏదో ఒక కట్టుబాటు. జైలా డారన్ అనే చిన్నపిల్ల తన పుణ్యక్షేత్రంలో ఉన్నంతసేపే 18వ లెవెల్ పూజారిణి, గడప దాటితే మూడో లెవెల్. ఇరవయ్యో లెవెల్ ప్రకృతి మాంత్రికుడు (డ్రూయిడ్) ఓలియన్ అయితే ఏకంగా చెట్టు. ఆపద ఎక్కడున్నా వేళ్లు వదిలి రాలేదు, పాత్రలే వెళ్లాలి.