పెళ్ళికూతుర్ని మరిచిపోయిన పెళ్ళికొడుకు

పెళ్ళి దగ్గర పడింది. పెళ్ళికొడుకు స్నేహితులతో క్రికెట్ ఆడుతున్నాడు. బంతి గాలిలోకి లేచింది. పట్టుకోవాలని వెనక్కు పరుగెత్తి, తూలి పడ్డాడు. తల వెనుక దెబ్బ తగిలింది. లేచి మామూలుగానే నిలబడ్డాడు. కాని గడిచిన ఏడాదిలో జరిగినదంతా మనసులోంచి చెరిగిపోయింది. ప్రేమించి పెళ్ళాడబోతున్న అమ్మాయి ఎవరో కూడా అతనికి తెలియలేదు!

ఇది 2012లో తమిళంలో వచ్చిన ఒక హాస్య చిత్రం కథ. మరుసటి ఏడాది ‘పుస్తకంలో కొన్ని పేజీలు మిస్సింగ్’ అనే పేరుతో తెలుగులోనూ తీశారు. సంగతి పెద్దలకు తెలియకుండా పెళ్ళి జరిపించాలని స్నేహితులు పడే పాట్లు చూసి ప్రేక్షకులు పడీ పడీ నవ్వారు. అయితే ఇది ఉత్త కల్పన కాదు. ఆ తమిళ చిత్రానికి ఛాయాగ్రాహకుడుగా పనిచేసిన ప్రేమ్‌కుమార్ జీవితంలో జరిగిన సంఘటనే దానికి ఆధారం.

ఇలాంటిది ఎక్కడైనా జరగవచ్చు. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో, వరి కోతలయ్యాక ఖాళీ పడ్డ మళ్ళలో పిల్లలు ఆడుకునే క్రికెట్‌లోనైనా జరగవచ్చు. కింద పడిన కుర్రవాడు “ఏటైందిరా నాకు?” అని అడుగుతాడు. మీరు చెబుతారు. అయిదు నిమిషాలకు మళ్ళీ అదే ప్రశ్న! వేళాకోళం చేస్తున్నాడనుకుంటారు. కాదు. మీరు చెప్పింది అతని మెదడులో నిలవలేదు.

పచ్చి ఇటుక, కాలిన ఇటుక

మన మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. అది మెత్తని పదార్థం. పుర్రె లోపల ఒక ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల దేనికైనా గట్టిగా తగిలినప్పుడు పుర్రె టక్కున ఆగిపోతుంది, మెదడు మాత్రం ఆగదు. బస్సుకు బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూలినట్లే అదీ లోపల కదులుతుంది. ఆ కుదుపుకు నాడీకణాల పని కొంతసేపు తారుమారవుతుంది. దీన్నే వైద్యులు ‘కంకషన్’ అంటారు. పైకి గాయమేమీ కనిపించకపోవచ్చు.

మరి చిన్ననాటి సంగతులు పదిలంగా ఉండి, నిన్న మొన్నటివే ఎందుకు పోతాయి? కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయనీ, పాతవి ఎక్కువ కాలం నిలుస్తాయనీ ఫ్రెంచి శాస్త్రవేత్త రిబో 1881లోనే గుర్తించాడు. ఇటుకల బట్టీని తలచుకోండి. వాన వస్తే అప్పుడే అచ్చు తీసిన పచ్చి ఇటుక కరిగిపోతుంది. బట్టీలో కాలిన ఇటుక నిలుస్తుంది. జ్ఞాపకమూ అంతే. పుట్టగానే గట్టిపడదు. రోజులు, నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది.

ఈ పనిలో ముఖ్యమైన భాగం ‘హిప్పోకాంపస్’. కణతల వెనుక, మెదడు లోపలి వైపున, కుడి ఎడమల ఒక్కొక్కటి ఉంటుంది. ఆకారంలో సముద్రపు గుర్రం చేపను పోలి ఉంటుంది.

చేతికి తెలుసు, మనసుకు తెలియదు

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని అతనిలో కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజు రోజుకూ అతని చేయి నేర్పు సంపాదించింది. అతనికి మాత్రం ఆ బొమ్మ ఎన్నడూ గీసినట్లే గుర్తులేదు! సంఘటనలను గుర్తుంచుకోవడం వేరు, పనిలో నేర్పు వేరు, వాటికి మెదడులో చోట్లు వేరని దీంతో తేలింది.

ఇంగ్లండులో క్లైవ్ వేరింగ్ అనే సంగీతజ్ఞుడికి 1985లో వైరస్ వల్ల మెదడువాపు వచ్చింది. కొన్ని సెకన్లకు మించి ఏదీ గుర్తుండని స్థితి. కాని పియానో వాయించగలిగాడు. భార్య డెబోరా గది బయటకు వెళ్ళి వస్తే చాలు, ఏళ్ళ తరబడి చూడనట్లు ఆనందంతో కౌగిలించుకునేవాడు. ఆమె ఇప్పుడే వచ్చి వెళ్ళిన సంగతి మరిచిపోయాడు, ఆమె మీది ప్రేమను మరవలేదు.

మీరే చేసి చూడండి

కాగితం మీద జంట గీతలతో ఒక నక్షత్రం గీయండి. ఎదురుగా అద్దం పెట్టండి. చేయి కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టి, అద్దంలో మాత్రమే చూస్తూ, రెండు గీతల మధ్య పెన్సిలు నడపండి. గీత ఎన్నిసార్లు దాటారో రాసుకోండి. పదిసార్లు చేస్తే తప్పులు ఎలా తగ్గుతాయో తెలుస్తుంది.

రెండో దెబ్బ మందు కాదు

కాళిదాసు నాటకంలో ఉంగరం చూడగానే దుష్యంతుడికి శకుంతల గుర్తుకు వచ్చింది. సినిమాల్లోనైతే తలకు మరో దెబ్బ తగలగానే అన్నీ గుర్తుకొస్తాయి! అసలు జీవితంలో రెండో దెబ్బ మొదటిదాని కన్నా ప్రమాదం. కంకషన్ తరువాత పోయిన జ్ఞాపకాలు సాధారణంగా విశ్రాంతితో, పాతవి ముందు కొత్తవి తరువాత, వాటంతట అవే తిరిగి వస్తాయి. దెబ్బకు కాస్త ముందూ వెనుకా జరిగినవి మాత్రం తరచు ఎన్నటికీ రావు. అవి అప్పటికింకా పచ్చి ఇటుకలే కదా!

సినిమాలో స్నేహితులు సంగతి దాచారు. మీరు దాచకండి. దెబ్బ తగిలినవాడు తికమకగా మాట్లాడినా, అడిగిందే అడిగినా ఆట ఆపించి, పెద్దలకు చెప్పి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఆనాడు మళ్ళీ ఆడనివ్వకండి. మాటిమాటికీ వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, ముక్కు లేక చెవి నుంచి నీరు కారడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి. ఎచ్చెర్ల మీదుగా జాతీయ రహదారి పోతోంది. ఆ దారిలో మోటారు సైకిలు మీద వెళ్ళే నాన్నకూ, అన్నయ్యకూ హెల్మెట్ గుర్తుచేయండి. వారి తలలో మీ జ్ఞాపకాలూ ఉన్నాయి!