మీకు తెలుసా? పాత బైకు నుంచి పెట్రోలు ఎందుకు కారుతుందో!

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. మెదక్‌లో పాత స్ప్లెండరో, ఆర్‌ఎక్స్ 100నో ఇంకా నడిపేవాళ్లకు మాత్రం దానితోనే పని.

కార్బురేటర్ అడుగు గిన్నెలో పెట్రోలు నిండగానే ఫ్లోటు పైకి తేలి, నీడిల్‌తో దారి మూసేస్తుంది. బండి ఆపాక కూడా ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు పడుతున్నాయంటే ఆ దారి పూర్తిగా మూసుకోవట్లేదన్నమాట. చాలాసార్లు అడ్డుపడేది ఇసుక రేణువంత చెత్తే. గిన్నె విప్పి కడిగితే చాలు. నీడిల్ మొన చుట్టూ గోరుకు గాడి తగిలితే మాత్రం మార్చాల్సిందే. బోలుగా ఉండే ఫ్లోటును చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు కదిలినట్టు వినిపిస్తే చిల్లు పడినట్టే. అనుమానముంటే, పొయ్యికి దూరంగా, వేడినీళ్లలో ముంచండి. చిల్లున్న చోట బుడగలొస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం: పొంగిన పెట్రోలు ఒక్కోసారి ఇంజిన్‌లోకీ దిగుతుంది. స్ప్లెండర్ లాంటి బండ్లలో ఆయిల్ పలుచబడి, పెట్రోలు వాసన వస్తుంటే స్టార్ట్ చేయకండి. ముందు లీకు ఆపి, ఆయిల్ మార్చాకే కిక్ కొట్టండి. ఆయిల్ బాగానే ఉన్నా, లీకు ఆగేదాకా పార్క్ చేసిన ప్రతిసారీ ట్యాంకు కింది పెట్రోల్ కాక్ కట్టేయండి.