పెద్దప్రేగు వాపు – ఎనిమిదవ యేటి పరీక్ష

నెత్తురు, జిగటతో గూడిన విరేచనములు మన పల్లెలకు క్రొత్తవి కావు. మొలలనియో, గ్రహణి యనియో తలచి నాటుమందుతో కాలము గడపుట వాడుక. సూక్ష్మజీవులవలన గలిగిన విరేచనములు తగిన మందుతో కుదురును. కాని కుదిరినట్లే కుదిరి యేండ్లతరబడి మరల మరల వచ్చు వ్యాధి వేరొకటి కలదు. దానిని వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్ అందురు. పెద్దప్రేగు లోపలి పొర వాచి పుండ్లు పడుట దీని లక్షణము.

ఈ వాపు కాలక్రమమున క్యాన్సరునకు దారితీయవచ్చును. ఎట్లన, ప్రేగుపొరలోని కణములు కొలది దినములలోనే నశించి క్రొత్తవి పుట్టుచుండును. వాపుగల చోట ఈ మార్పు అతివేగముగ జరుగుటయే గాక, కణములలోని జన్యుపదార్థము కూడ దెబ్బతినును. ఏటేట సొంత విత్తనమునే చల్లు వరిచేనిలో కేళీలు చేరునట్లు, క్రొత్త కణములలో స్వభావము తప్పినవి చేరును. ఈ దశకు డిస్‌ప్లేసియా యని పేరు. ఇది యింకను క్యాన్సరు కాదు. కేళీలను ఏరివేయుటకు తగిన అదను ఇదియే.

1925 లో క్రోన్, రోజెన్‌బర్గ్ అను అమెరికా వైద్యులు ఈ వ్యాధి గల రోగియందు క్యాన్సరును మొదట వర్ణించిరి. 2001 లో పెక్కు పరిశోధనలను గూర్చి చూడగా, వ్యాధి మొదలైన 10 ఏండ్లకు నూటికి 2, 20 ఏండ్లకు 8, 30 ఏండ్లకు 18 మందికి క్యాన్సరు వచ్చునని తేలెను. తరువాతి లెక్కలు ఇంతకంటె తక్కువగ నున్నవి. వాపు ప్రేగున ఎంత దూరము వ్యాపించిన అపాయము అంత హెచ్చు.

నెత్తురు ఆగినదని మందు మానివేయుట పెద్ద పొరపాటు. బాధ లేకున్నను లోపల వాపు సాగుచుండవచ్చును. కావున తొలి లక్షణములు కనబడిన 8 ఏండ్లకు కొలనోస్కోపీ పరీక్ష చేయించుకొని, పిమ్మట వైద్యుడు చెప్పినట్లు 1 మొదలు 3 ఏండ్ల కొకసారి మరల చేయించుకొనవలయును. కామెర్లు కలిగించు పిత్తనాళ వ్యాధి కూడ నున్నవారు 8 ఏండ్లు ఆగక, అది తెలిసిన నాటినుండియే ఏటేట చూపించుకొనవలయును.

విశాఖపట్టణమున 1923 నుండి కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. ఉక్కు కర్మాగారమునకు చేరువ అగనంపూడి యొద్ద టాటా స్మారక కేంద్రము వారి హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల యున్నది. సంఘమునకు చెల్లింపవలసిన వాయిదా తేదిని మరవని సభ్యుడు, తన వ్యాధి మొదలైన సంవత్సరమును గూడ వ్రాసి యుంచుకొనుగాక. ఆ వాయిదా దాటిన, వడ్డీ ప్రాణముతో చెల్లింపవలసి రావచ్చును.