సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ వేడి గాలి కొడుతోందా? గ్యాస్ కన్నా ముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్ మా అపార్ట్‌మెంట్ బయట, బానెట్ ఎత్తిన కారు పక్కనే నిలబడి షూట్ చేస్తున్నాం. సికింద్రాబాద్ రోడ్డు కదా, వెనకాల హారన్లు వినిపిస్తాయి. కొంచెం అడ్జస్ట్ అయిపోండి.

టాపిక్ కార్ ఏసీ. ఇంట్లో మనం ఏం రిపేర్ చేసుకోవచ్చు, ఏది అస్సలు ముట్టుకోకూడదు అనేది చూద్దాం. ముందు నాకేం జరిగిందో చెప్తా.

పోయిన మే నెల. నాన్నకి హార్ట్ సర్జరీ అయ్యి మూడు వారాలు. చెకప్‌కి తీసుకెళ్తున్నా. కారు కదులుతున్నంతసేపు ఏసీ బాగానే ఉంది. సంగీత్ చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది, రెండు నిమిషాల్లో వేడి గాలి మొదలైంది. నాన్న చొక్కా మొత్తం తడిసిపోయింది. "ఏం రా, ఇది ఏసీనా, హీటరా?" అన్నారు నవ్వుతూ. కానీ మొహం చూస్తే నాకు భయమేసింది. కారు పక్కకి తీసి, ఆటో మాట్లాడి హాస్పిటల్‌కి తీసుకెళ్లా.

ఆ సాయంత్రమే ఒక వర్క్‌షాప్‌కి వెళ్లా. "గ్యాస్ అయిపోయింది తమ్మీ" అన్నారు. 2,200 తీసుకుని గ్యాస్ పట్టారు. రెండ్రోజులకి మళ్లీ అదే కథ. మళ్లీ వెళ్తే "కంప్రెసర్ పోయింది, 24 వేలు అవుతుంది" అన్నారు. అక్కడ ఆగిపోయా. ఆఫీసులో యాప్ స్లో అయితే ఫస్ట్ సర్వర్ మార్చేస్తామా? లాగ్స్ చూస్తాం. ఎప్పుడు స్లో అవుతోంది, ఎప్పుడు బాగుంటోంది అని చూస్తాం. మరి కారుకి ఎందుకు చూడలేదు నేను?

సరే, ఏసీ ఎలా పని చేస్తుందో రెండు ముక్కల్లో. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కుతుంది, అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాస్ ముందు గ్రిల్ వెనకున్న కండెన్సర్‌లోకి వెళ్తుంది. అక్కడ గాలి తగిలి వేడి బయటికి పోతుంది, గ్యాస్ ద్రవం అవుతుంది. తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నటి దారి దాటి, డ్యాష్‌బోర్డ్ లోపలున్న ఎవాపరేటర్‌లో మళ్లీ గ్యాస్ అవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. మన దగ్గర ఎక్కువ కార్లలో ఉండేది ఆర్134ఏ గ్యాస్. మామూలు వాతావరణ పీడనంలో అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే అంత చల్లదనం.

ఇప్పుడు నా కారు సంగతి చూడండి. నడుస్తుంటే కండెన్సర్‌కి ఎదురుగాలి తగులుతోంది. ఆగితే గాలి ఎవరివ్వాలి? ఫ్యాన్. ఫ్యాన్ తిరగకపోతే వేడి బయటికి పోదు, లోపల ప్రెషర్ పెరిగిపోతుంది, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. చూసినవాళ్లకి "కంప్రెసర్ పని చెయ్యట్లేదు" అనిపిస్తుంది. నిజానికి అది తనని తాను కాపాడుకుంటోంది.

నేను చేసిన చెక్ ఇది. కారు ఆరుబయట పెట్టి, ఏసీ ఆన్ చేసి, దూరం నుంచి చూశా. మా కార్లో రెండు ఫ్యాన్లు. ఏసీ ఫ్యాన్ కదల్లేదు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం తీసి, ఫ్యూజ్ చూశా, బాగానే ఉంది. పక్కనే అదే నంబర్ ఉన్న హారన్ రిలే తీసి ఫ్యాన్ రిలే ప్లేస్‌లో పెట్టా. ఆన్ చేస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది! రాణిగంజ్ వెళ్లి కొత్త రిలే కొన్నా. 180 రూపాయలు. 24 వేలకీ 180కీ మధ్య తేడా పది నిమిషాల చెకింగ్.

అందుకే మీ కారు లక్షణం ఏంటో ముందు గమనించండి.

గాలే సరిగ్గా రావట్లేదంటే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. మన దుమ్ముకి అట్టలా తయారవుతుంది. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకుండా చాలామంది మార్చుకోవచ్చు.

బ్లోవర్ లాస్ట్ స్పీడ్‌లో మాత్రమే తిరుగుతోందంటే బ్లోవర్ రెసిస్టర్ మీద డౌట్ పడండి.

ముందు సీటు కాళ్ల దగ్గర నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. కారు కింద నీళ్లు కారడం మాత్రం మంచిదే, కంగారు పడకండి.

కండెన్సర్ మీద బురద, ఆకులు ఉంటే ఇంజిన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు వంగిపోతాయి, గాలి ఇంకా తగ్గుతుంది.

గాలి బాగా వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది, అయినా చల్లదనం నెమ్మదిగా తగ్గుతూ వచ్చిందంటే అప్పుడు లీక్ గురించి ఆలోచించాలి. పైపు జాయింట్ల దగ్గర నూనె మరక, దానికి దుమ్ము అంటుకుని ఉందేమో చూడండి. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకైన చోట మరక పడుతుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. లీక్ మూయకుండా నింపడమంటే చిల్లు బకెట్‌లో నీళ్లు పోయడమే.

"అన్నా, ఆన్‌లైన్‌లో గ్యాస్ క్యాన్ దొరుకుతుంది కదా, మనమే కొట్టేసుకుందామా?" వద్దు తమ్ముడూ. నేనూ కార్ట్‌లో పెట్టి తీసేశా. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు 35 డిగ్రీల వేడిలో ఆ గ్యాస్ ప్రెషర్ సుమారు 114 పీఎస్ఐ. మామూలు కారు టైరులో ఉండేది 32 చుట్టూ. ద్రవం చేతికి తగిలితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పైగా సిస్టమ్‌లో కొంచెం ద్రవం ఉన్నా, ఎక్కువ ఉన్నా, ఆఫ్‌లో గేజ్ దాదాపు అదే చూపిస్తుంది. ఎంతుందో తెలియాలంటే మొత్తం తీసి, తూకం వేసి నింపాల్సిందే. పాత గ్యాస్‌ని గాల్లోకి వదలడం కూడా తప్పే. ఇది ఓజోన్‌ని పాడు చేయదు కానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు ఎక్కువ. 400 గ్రాములు వదిలితే అర టన్ను పైనే వదిలినట్టు.

నాకు ఇది అనుభవమే. రిలే మార్చినా కూలింగ్ పూర్తిగా రాలేదు. అంతకుముందు తూకం లేకుండా గ్యాస్ ఎక్కువ పట్టేశారు. మెషీన్ ఉన్న ఇంకో చోటికి వెళ్లి, పాతది తీయించి, వ్యాక్యూమ్ చేయించి, బానెట్ కింద స్టిక్కర్ మీదున్నన్ని గ్రాములే పట్టించా. వ్యాక్యూమ్ ఎందుకంటే, ఆ తక్కువ ప్రెషర్‌లో లోపలి తేమ ఆవిరై బయటికి పోతుంది. తేమ మిగిలితే వాల్వ్ దగ్గర మంచు కట్టొచ్చు, లోపల తుప్పు పట్టొచ్చు.

కాబట్టి షాపులో మూడు ప్రశ్నలు అడగండి. లీక్ టెస్ట్ చేశారా? వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? ఎన్ని గ్రాములు పడుతున్నారు? మూడోదానికి జవాబు లేకపోతే తాళం తీసుకుని వచ్చేయండి.

ఇంకొక్కటి, సీరియస్‌గా. ఈ చెకింగ్ సెల్లార్‌లోనో, షట్టర్ వేసిన గ్యారేజ్‌లోనో ఇంజిన్ ఆన్ చేసి చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఇంజిన్ ఆఫ్ అయినా ఫ్యాన్ ఒక్కసారిగా తిరగొచ్చు, చేతులు, చున్నీ, ఇయర్‌ఫోన్ వైర్లు దూరంగా పెట్టండి.

తర్వాతి చెకప్‌కి అదే దారిలో వెళ్లాం. సంగీత్ దగ్గర మళ్లీ రెడ్ పడింది. నేను వెంట్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నా. నాన్న అయితే "కొంచెం తగ్గించు రా, చలేస్తోంది" అన్నారు. తగ్గించా.

ఈ వీడియో ఎండలో ముసలివాళ్లనో, చిన్నపిల్లలనో కార్లో తిప్పే ఫ్రెండ్‌కి పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో బ్యాటరీ సంగతి చూద్దాం. ఉంటా మరి.