రాయని వంటల ఊరు

1331లో మొగదిషు రేవులో దిగిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ తనకు పెట్టిన భోజనాన్ని కళ్లకు కట్టినట్టు రాసిపెట్టాడు. పెద్ద చెక్క పళ్లెంలో నేతితో వండిన అన్నం. దాని మీదకి కోడి, మాంసం, చేప, కూరగాయలు. ఒక గిన్నెలో పాలలో ఉడికించిన అరటికాయలు, ఇంకో గిన్నెలో పులిసిన పాలు. నంజుకోవడానికి ఊరవేసిన నిమ్మకాయ, ఉప్పులో ఊరిన మిరియపు గుత్తులు, పచ్చి అల్లం, మామిడి. ఈ ఊళ్లో ఒక్కడు తినేది మా వాళ్లు గుంపంతా కలిసినా తినలేరని కూడా ఆశ్చర్యపోయాడు. మిరపకాయ ఇంకా అమెరికా ఖండం దాటని రోజులవి. అయినా ఆ నంజుకునేవాటి వరస చదివితే తెలుగువాడికి నోరూరుతుంది.

సోమాలీలు మొగదిషును ఇప్పటికీ ‘హమర్’ అనే పిలుచుకుంటారు. హిందూ మహాసముద్రానికి ఎదురుగా ఉన్న హమర్ వెయ్నే, షంగాని పేటలు ఊళ్లోకెల్లా పాతవి. అక్కడి ఫక్రుద్దీన్ మసీదు 1269 నాటిది. అరబ్బు, పారశీక, భారతీయ వర్తకులు సరుకులు దించిన రేవు ఇది. ఊరు దాటి లోపలికి వెళ్తే ఒంటెలు, మేకల మందలతో తిరిగే సంచార కుటుంబాలు. కాస్త దూరంలో షబెల్లె నది, దాని ఒడ్డున జొన్న, మొక్కజొన్న, నువ్వులు, అరటి. సముద్రం, ఎడారి, నది మూడూ ఒకే పొయ్యి మీదికి చేరిన వంట హమర్‌ది. రేవులో ఏది దిగినా ఈ వంటిల్లు కాదనలేదు, కానీ తన పద్ధతికి తిప్పుకోకుండా దేన్నీ వడ్డించనూ లేదు.

పొద్దున అంజేరోతో మొదలవుతుంది. పిండి రాత్రే కలిపి పులవనిస్తారు. తెల్లారి పెనం మధ్యలో గరిటెడు పోసి, గరిటె అడుగుతో చుట్లు చుట్లుగా అంచు దాకా తిప్పి మూత పెడతారు. తిరగేయరు. పైన కళ్లు విచ్చుకుంటే అయిపోయినట్టే. తెలుగు ఇల్లాలికి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తేడా నంజుకునే దగ్గరుంది. అంజేరో మీద నువ్వుల నూనె, పంచదార వేసి, పైన యాలకులు, దాల్చినచెక్క, లవంగాలు, అల్లం పడ్డ పాల టీ కొంచెం పోసుకుని తినడం పిల్లలకు మహా ఇష్టం. ఆ నూనె ఒకప్పుడు గానుగలో ఆడించినదే. గానుగ చుట్టూ తిరిగేది మాత్రం ఎద్దు కాదు, ఒంటె.

మధ్యాహ్నం భోజనమే పెద్ద భోజనం. బరీస్ ఇస్కుకరిస్ అనే అన్నం చేసే ఇంట్లో పొద్దున్నే మేక మాంసం ఉడుకుతూ ఉంటుంది. ఆ ఉడుకునీళ్లను పారబోయరు, బియ్యం ఉడికేది వాటిలోనే. ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటా వేగాక హవాష్ అనే మసాలాపొడి పడుతుంది. ఇంటింటి రుచీ ఈ హవాష్ చేతిలోనే ఉంటుంది. జీలకర్ర, ధనియాలు ఎక్కువగా, మిరియాలు కాస్త తక్కువగా, లవంగం, యాలక, దాల్చినచెక్క ఇంకా తక్కువగా దోరగా వేయించి దంచి, చివర పసుపు కలుపుతారు. ఎంతెంత అని అడిగితే ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే. అమ్మ చెయ్యి కూతురికి వస్తుంది, కొలత చెంచాకు రాదు. వేయించిన ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష పైన చల్లి, పక్కన పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి నూరిన బిస్బాస్ పెడతారు. దాని పక్కనే తొక్కతో సహా ఓ అరటిపండు.

ఆ పండు భోజనం అయ్యాక తినడానికి కాదు. కారం కారంగా ఓ ముద్ద, తియ్యగా ఓ కొరుకు. పెరుగన్నంలో అరటిపండు నంజుకునే మన పెద్దవాళ్లు దీన్ని వింతగా చూడరు. ఈ ప్రాంతాన్ని ఏలిన ఇటలీ వాళ్లు షబెల్లె ఒడ్డున ఎగుమతి కోసం అరటి తోటలు వేసిన మాట నిజమే. కానీ అంతకు ఆరు వందల ఏళ్ల కిందటే ఇబ్న్ బతూతా పళ్లెం పక్కన అరటి ఉంది.

ఇటలీ వాళ్లు వదిలి వెళ్లింది మాత్రం బాస్తో, అంటే పాస్తా. దక్షిణ సోమాలియాను 1941 దాకా, మళ్లీ ఐక్యరాజ్యసమితి తరఫున 1950 నుంచి 1960 దాకా వాళ్లు ఏలారు. 1960 జులై 1న జెండా దిగింది గానీ స్పగెట్టి పొయ్యి దిగలేదు. ఇప్పుడది ఇంటి వంట. మాంసం, టమాటా కలిపి చేసే సూగోలో హవాష్ పడాల్సిందే, పక్కన అరటిపండు ఉండాల్సిందే. చాలామంది చేత్తోనే తింటారు. పాలించినవాళ్ల వంటను ఇంతకంటే మర్యాదగా సొంతం చేసుకోవడం కష్టం.

చేపల సంగతి వేరు. ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అతి పొడవైన తీరం ఉన్న దేశమే అయినా, లోపలి సంచార కుటుంబాలకు చేప మీద పెద్దగా మనసు లేదు. 1974-75 కరవులో మందలు పోగొట్టుకున్న వాళ్లను ప్రభుత్వం తీరానికి తరలించి చేపలు పట్టడం నేర్పింది. వానలు పడ్డాక చాలామంది మళ్లీ ఒంటెల దగ్గరికే వెళ్లిపోయారు.

వాళ్ల వంట అసలు గొప్పతనం నిల్వలో ఉంది. ఎండబెట్టిన మాంసాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి నేతిలో వేయించి, ఆ నేతిలోనే ముంచి ఉంచితే ముక్మద్. ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి ఉంటుంది. ఉత్తరాదిన పెళ్లయ్యాక వధువు తల్లి ఈ ముక్మద్‌ను ఖర్జూరపు ముద్దతో కప్పి, అల్లిన పాత్రలో పెట్టి, పెళ్లికూతురిలా బట్టలు చుట్టి, తాడు కొస కనిపించకుండా ముడులు వేస్తుంది. దాన్ని హీడో అంటారు. వరుడి తరఫువాళ్లు ఆ ముడులు విప్పి తీరాలి, విప్పలేకపోతే నవ్వులపాలే. వియ్యాలవారి ముందు ఆడపెళ్లివారు ఇంత దర్జాగా కూర్చునే వేడుక మనకూ ఒకటుంటే బాగుండేది.

సోమాలీ భాషకు అధికారిక లిపి వచ్చింది 1972లో. అంతవరకూ వంటలకే కాదు, ఆ జాతి కవిత్వానికీ నోరే పుస్తకం. 1991లో ప్రభుత్వం కూలి అంతర్యుద్ధం ముదిరాక కుటుంబాలు నైరోబీకి, లండన్‌కి, టొరంటోకి, మినియాపొలిస్‌కి చెదిరిపోయాయి. అప్పుడు తెలిసొచ్చింది, అమ్మమ్మ దూరమైతే వంట కూడా దూరమవుతుందని. 2018లో మినెసోటాలోని సోమాలీ యువతీయువకులు ఇంటి వంటలు సేకరించి పుస్తకం వేశారు. మొగదిషులో పుట్టి అమెరికాలో పెరిగిన హవా హసన్ 2020లో ‘ఇన్ బిబీస్ కిచెన్’ తెచ్చారు. హిందూ మహాసముద్రపు ఒడ్డున ఉన్న ఎనిమిది ఆఫ్రికా దేశాల అమ్మమ్మల వంటలు అందులో ఉన్నాయి.

చదువుల కోసం వచ్చిన సోమాలీ కుర్రాళ్లు హైదరాబాద్‌లోనూ చాలాకాలంగా ఉన్నారు. వాళ్లలో ఎవరైనా మీ పక్కింట్లో ఉంటే హవాష్ లెక్క అడగండి, వాళ్లమ్మ చేసే పద్ధతి చెప్తారు. లేకపోయినా పర్వాలేదు, పైన చెప్పిన దినుసులన్నీ మీ పోపులపెట్టెలోనో మసాలా డబ్బాలోనో ఉన్నవే. ఈ ఆదివారం మాంసం ఉడికిన నీళ్లు పారబోయకుండా అన్నం వండండి. అరటిపండును చివరిదాకా ఆపకుండా ముద్దముద్దకీ కొరుక్కు తినండి.