కాపలావాడి గుడిసెలో దొంగ

అక్కా, మీ ఆవు చూడితో ఉందనుకోండి. ఏడో నెల. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే దూడ చచ్చి పడి ఉంది. మాయ లోపలే ఉండిపోయింది. "దిష్టి తగిలింది" అంటారు ఇరుగుపొరుగు. మనం ఏం చేస్తాం? ఒట్టి చేతులతో ఆ మాయ లాగేస్తాం. దూడను కాలవ గట్టున పారేస్తాం. మైపాడు వైపు మా రాత్రిబడిలో అడిగితే, చాలామంది అక్కలు "మేమూ ఇట్టానే చేశాం" అన్నారు.

ఇది ఈసుకుపోయే రోగం కావచ్చు. డాక్టర్లు బ్రూసెల్లోసిస్ అంటారు. ఆ పేరు పలకడానికి నాకే రెండు రోజులు పట్టింది! గొడ్డు ఈసుకుపోయిన ప్రతిసారీ ఇదే రోగమని కాదు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఈ రోగం మనుషులకూ వస్తుంది. ఆవుల క్రిమి, మనుషుల జ్వరం క్రిమి దగ్గరి చుట్టాలని 1918లో అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ అనే ఆమె రాసింది. పచ్చిపాలు తాగొద్దని చెప్పింది. ఆడమనిషి మాట కదా, పెద్ద పెద్దవాళ్లు నమ్మలేదు. 1922లో ఆమెకే ఆ రోగం అంటింది. ఏళ్ల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉండింది.

ఎందుకు అన్నేళ్లు? అసలు కిటుకు ఇక్కడే ఉంది.

మన ఒంట్లో, పశువు ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. కంటికి కనపడవు. క్రిమి వస్తే దాన్ని మింగుతాయి. ఒక సంచిలో పెట్టి, ఘాటు రసాలు పోసి అరిగించేస్తాయి. ఈ క్రిమి మాత్రం చావదు. ఆ పులుపును తట్టుకుంటుంది. సంచిని దారి మళ్లించి, కణంలో సరుకులు తయారయ్యే చోటికి చేరుతుంది. అక్కడ తిని, పిల్లల్ని పెడుతుంది. రొయ్యల గుంట కాపలావాడి గుడిసెలోనే దొంగ కాపురం పెడితే ఎట్టా ఉంటుంది? అట్టా!

కాపలా కణం తిరిగిన చోటికల్లా క్రిమీ పోతుంది. పొదుగులో, గర్భసంచిలో చేరుతుంది. ఆవు చూడ్డానికి బాగానే ఉంటుంది. పాలల్లో మాత్రం క్రిమి వస్తుంది. అందుకే పిల్లలకు గుమ్మపాలు పట్టొద్దు. పొంగు వచ్చేదాకా కాస్తే క్రిమి చచ్చిపోతుంది.

దూడ ఈసుకుపోతే చేతులకు గట్టి ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి. మాయను, దూడను లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. కడుపుతో ఉన్నవాళ్లు దగ్గరికే పోవద్దు. వాళ్లకు గర్భం పోయే ప్రమాదం ఉంది.

జ్వరం వస్తూ పోతూ, రాత్రుళ్లు చెమటలు, నడుంనొప్పి, కీళ్లనొప్పులు ఉంటే డాక్టరుకు "మా గొడ్డు ఈసుకుపోయింది" అని చెప్పండి. చెప్పకపోతే ఆయనకెట్టా తోస్తుంది? మందులు ఆరు వారాలు మింగాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే, దాక్కున్న క్రిమి మళ్లీ లేస్తుంది.

పశువుకు ఒకసారి వస్తే వదిలించడం కష్టం. ముందే టీకా వేయించాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఈ టీకా ఉచితంగా వేయించే పథకం మొదలుపెట్టింది. పెయ్యదూడలకు మాత్రమే వేస్తారు. 4 నుంచి 8 నెలల వయసులో, ఒక్కసారే. కోడెదూడకు వెయ్యరు, చూడి పశువుకు వెయ్యరు. మీ పెయ్య ఏ నెలలో పుట్టిందో గోడమీద రాసి పెట్టుకోండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!