సొలొమోను ఓడలో మన 'తోక'

యాకుత్‌పురా: కెంపును అరబ్బీలో 'యాకూత్' అంటారు. హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా పేరులో ఉన్నది ఆ మాటే. ఇలాంటి పేటల్లో ఖురాను చదవడం కోసం అరబ్బీ అక్షరాలు దిద్దిన వారికి యూదుల హీబ్రూ భాష బొత్తిగా కొత్తగా తోచదు. రెండూ ఒక తల్లి బిడ్డలే. జంతువుల పేర్లు చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది. ఒంటె అరబ్బీలో జమల్, హీబ్రూలో గమాల్. కుక్క కల్బ్, కెలెవ్. గాడిద హిమార్, హమోర్. తేలు అక్రబ్, అక్రావ్.

నెమలి కథ మాత్రం వేరు. దానిలో తెలుగువారికీ వాటా ఉంది.

మూడేళ్ళకోసారి ఓడలు

సొలొమోను రాజుకు మూడేళ్ళకోసారి ఓడలు బంగారం, వెండి, ఏనుగు దంతం, కోతులు, నెమళ్ళు తెచ్చేవని బైబిలులోని రాజుల మొదటి గ్రంథం 10వ అధ్యాయం చెబుతోంది. అక్కడ నెమళ్ళకు వాడిన హీబ్రూ మాట 'తుక్కియ్యీమ్'. చివరి 'ఈమ్' మన 'లు' వంటి బహువచనం. అది తీసేస్తే మిగిలేది 'తుక్కి'.

ఇది దక్షిణాది నుంచి పిట్టతో పాటు ఓడెక్కిన మాట అని 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ భావించాడు. తమిళంలో 'తోగై' అంటే నెమలి పింఛం, నెమలి కూడా. దానికి తోబుట్టువే మన 'తోక'. ఆ పద్యంలోని పిట్ట నెమలి కాదనీ, మాట ఈజిప్టుదనీ వాదించే పండితులూ ఉన్నారు. కోతికి అక్కడే వాడిన 'కోఫ్'ను మాత్రం సంస్కృత 'కపి'కి చుట్టమని చెప్పేవారు చాలామంది.

నెమలి కాస్తా చిలుక

కాలంతో పాటు అర్థం మారింది. నేటి ఇజ్రాయెల్‌లో 'తుకి' అంటే చిలుక. నెమలికి 'తవాస్' అనాలి. ఇది ఉర్దూ పుస్తకాల్లోని 'తావూస్'కు దగ్గర మాట. 1739లో నాదిర్‌షా ఢిల్లీ నుంచి తరలించుకుపోయిన నెమలి సింహాసనం పేరు 'తఖ్తె తావూస్'. అర్థం తెలియకుండా వల్లించేవాణ్ణి హీబ్రూలోనూ 'తుకిలా పలుకుతున్నాడు' అంటారు. మన 'చిలక పలుకులు' వంటిదే.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. కూలిపనుల మీద బతికిన ఈ కుటుంబాలవారు ప్రార్థన కోసం హీబ్రూ నేర్చుకున్నారు. ఇజ్రాయెల్ చేరాలన్న ఆశ వారిలో పలువురికి ఉంది. అలాంటివారికి ఈ తేడా తెలియడం అవసరం. గ్రంథం చదివేటప్పుడు తుక్కి నెమలి. జెరూసలేం బజారులో అదే మాట అడిగితే చూపించేది చిలుకను.